మూడు గుర్రాల మిషన్

మిషన్ మళ్లీ ఆగిపోయింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న గిన్నెలాయన భార్య కత్తి పక్కన పెట్టి, ఓ చెవి గోడ వైపు వేసింది. గోడకి అవతల షెడ్డు. షెడ్డులో ఆయన, ఆయన లేత్ మిషన్, చీలమండలు మునిగేంత చెక్కపొట్టు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక తిట్టు వినబడింది, తర్వాత స్విచ్చి, తర్వాత మళ్లీ మోటారు. ఆవిడ కత్తి తీసుకుని ఇంకో ఉల్లిపాయ అందుకునేలోపే మిషన్ ఇంకోసారి ఆగింది.

గిన్నెలాయన అంటే గిన్నెలకి మాట్లు వేసే మనిషి అనుకునేరు. కాదు. ఈయన చెక్కతో గిన్నెలు చేస్తాడు. పచ్చి దుంగలోంచి కోసిన ముక్కని మిషన్‌కి బిగించి, అది గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి, ముందు బయటి ఒంపు తీస్తాడు, తర్వాత తిరగేసి బిగించి లోపలంతా తొలిచేస్తాడు. ఆవిడ వాటికి గరుకు కాగితం పట్టి, నూనె రుద్ది, దుకాణాలకి పంపుతుంది. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని, ఇప్పటికీ అదే పని, అదే మిషన్. దాని మోటారు అర హార్స్ పవర్. సగం గుర్రం అని ఆయనే వెక్కిరించేవాడు. ముందు సగమా వెనక సగమా అని ఆవిడ అడిగేది. అదో పెద్ద హాస్యమని ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు.

ఆ పూట మాత్రం ఆయన నవ్వలేదు. భుజాల మీద పొట్టు కూడా దులుపుకోకుండా వంటింట్లోకి వచ్చి, దానికి కాలం చెల్లిపోయిందని, ఇక లాభం లేదని, పెద్ద మిషన్ కొనేద్దామని ప్రకటించాడు. ఆయన దగ్గర గట్టి కారణం కూడా ఉంది. కొత్తగా పెట్టిన హోటల్ వాళ్లు పెద్ద పెద్ద గిన్నెలు కావాలన్నారు. రెండు చేతులూ చాచి పట్టుకోవాల్సినంత వెడల్పువి. అంత ముక్క సగం గుర్రానికి అసలు ఎక్కదు. ఎక్కినా అది ఈడ్వలేదు. ఇవన్నీ నిజాలే. అబద్ధమైతే ఆవిడ ఎదురు చెప్పేది. నిజం కావడం వల్లే నీళ్లు నమిలింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు. ఒకటిన్నర గుర్రాలు చాలా, రెండు కావాలా, మూడే తెచ్చేస్తే పోలా? మిషన్ ఎంత బరువుంటే అంత మంచిదా? వేగం బాగా తగ్గించి మొదలుపెట్టే వీలుందా? ఆయన అన్నం తింటూ ఫోన్‌లో మిషన్ల వీడియోలు చూసేవాడు. చూపులకి వెళ్లే పెళ్లికొడుకు కూడా అంత హడావుడి పడడు. పక్కనే కూర్చుని వడ్డిస్తున్న ఆవిడకి మాత్రం ముద్ద దిగేది కాదు.

ఎందుకంటే, ఆగిపోతున్నది మిషన్ తప్పు వల్ల కాదేమోనని ఆవిడకి అనుమానం. ఆ అనుమానం కళ్లతో వచ్చింది కాదు. గోడకి ఇవతల కూర్చుని ఇన్నేళ్లుగా విన్న చెవులతో వచ్చింది. ఉలికి పదునున్నంతసేపూ షెడ్డులోంచి ఒక రకం చప్పుడు వస్తుంది. మొద్దుబారగానే ఆ చప్పుడు గరగరలోకి దిగుతుంది. పచ్చి చెక్క, పైన బెరడు, బెరడులో ఇసుక. ఒక్క గిన్నె పూర్తయ్యేలోపు ఉలి ఒకసారైనా సాన మీదకి వెళ్లాల్సిందే. ఇదివరకు గరగర మొదలైన మరుక్షణం మోటారు ఆగేది, సానరాయి అందుకునేది. ఆవిడకి గోడ అవతల నిప్పురవ్వలు కనబడినట్టే ఉండేది. ఇప్పుడు గరగర మొదలై, అలాగే సాగి, సాగి, ఆయన అదిమి అదిమి పట్టి, చివరికి మిషన్ బిగుసుకుపోయి ఆగుతోంది. మొద్దు ఉలితో అంత గట్టిగా అదిమితే సగం గుర్రమేం ఖర్మ, ఏ గుర్రమైనా మొరాయిస్తుంది.

మరిది కరెంటు పనులు చేస్తాడు. ఆవిడ అతన్ని పిలిపించి మోటారు చూడమంది. అతను మూత విప్పాడు, బెల్టు నొక్కి చూశాడు, మీటరు పెట్టి కరెంటు కొలిచాడు, చేతులు తుడుచుకున్నాడు. వయసు మళ్లినా మోటారు నిక్షేపంలా ఉందని, తన ఒంట్లో కూడా అంత ఆరోగ్యం లేదని చెప్పాడు. అన్నగారు ఆ మాట పెడచెవిన పెట్టాడు. వీడికి ఫ్యాన్లు తిప్పడం తెలుసుగానీ లేత్ సంగతి ఏం తెలుసన్నాడు.

అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. మర్నాడు ఆయన దుంగలు చూడటానికి అడితీకి వెళ్లాడు. ఆవిడ షెడ్డులోకి వెళ్లి ఉలులు మూడూ తీసింది. సాన పట్టడం ఆవిడకి ఆయన నేర్పిందే. ఒకప్పుడు ఆయన మణికట్టు విరిగి కట్టుతో ఉన్నప్పుడు, కట్టు విప్పేదాకా ఆవిడే పట్టింది. బొటనవేలితో అంచు తడిమి చూసింది. అది ఉలి అంచులా లేదు, గరిటె అంచులా ఉంది. మూడింటికీ పదును పెట్టి, ఎక్కడివి అక్కడ తగిలించి, పొట్టు మీద తన అడుగులు కూడా చెరిపేసి వచ్చేసింది. దొంగతనం చేసినా అంత జాగ్రత్త పడేది కాదు.

మధ్యాహ్నమంతా మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ వచ్చి మొహం కడుక్కున్నాడు.

"ఇవాళ కరెంటు బాగా వచ్చిందోయ్," అన్నాడు.

ఆవిడ తువ్వాలు అందించి వెనక్కి తిరిగింది. ఏడుపు వస్తే కనబడకూడదని. మర్నాటికి ఉలులు మళ్లీ మొద్దుబారాయి, మిషన్ మళ్లీ మొరాయించడం మొదలుపెట్టింది, ఆయన మళ్లీ మూడు గుర్రాల వీడియోలు తీశాడు.

అయితే ఆయనకి ఆ గరగర వినబడడం లేదా, చెవులేనా? ఆ మాట తనకి తాను చెప్పుకోవడానికే ఆవిడకి ధైర్యం చాలలేదు. ఎందుకంటే మనుషులు మాట్లాడితే ఆయనకి శుభ్రంగా వినబడుతుంది. మెట్ల కింద నుంచి పిలిచినా పలుకుతాడు. పక్కింటివాళ్ల పోట్లాటలు వాళ్లకన్నా వివరంగా చెప్పగలడు. కానీ ఆయన చేతి గడియారం ఉంది. గంటకోసారి సన్నగా కీచుమంటుంది. వెనకటికి అది కీచుమన్నప్పుడల్లా ఆయన పని ఆపి మంచినీళ్లు తాగేవాడు. ఒకరోజు ఇద్దరూ గిన్నెలు తుడుస్తూ కూర్చున్నప్పుడు ఆవిడ, ఏమీ ఎరగనట్టు, మీ గడియారం ఈ మధ్య కూయడం లేదేమిటని అడిగింది.

"అదా? బ్యాటరీ అయిపోయినట్టుంది. కూయడం మానేసి చాన్నాళ్లయింది," అన్నాడాయన.

ఆయన చేయి ఆవిడ ఒళ్లోని గిన్నెకి జానెడు దూరంలో ఉంది. గడియారం అప్పుడే, ఆయన ఆ మాట అంటుండగానే, కీచుమంది. ఆవిడ తుడుస్తున్న గిన్నెనే మళ్లీ తుడిచింది.

చెప్పేస్తే పోయేది కదా అనిపిస్తుంది వినేవాళ్లకి. చెప్పి చూడండి. అన్నేళ్లు ఒక మనిషి పనితనాన్ని దగ్గరుండి చూసి, నలుగురిలో మా ఆయన అని గర్వంగా చెప్పుకుని, ఇప్పుడు వెళ్లి మీ చెవులు పోయాయి, మీ ఉలి మొద్దు, మీరు తిడుతున్న మిషన్‌కి ఏ రోగమూ లేదు అని చెప్పడం. ఆవిడ ఒకసారి దగ్గరదాకా వెళ్లింది. ఉలి ఓసారి సాన పట్టి చూడరాదా అంది. ఆయన నవ్వి, ఇంకేం, రేపటి నుంచి నువ్వే షెడ్డులోకి వెళ్లు, నేను నూనె రుద్దుతాను అన్నాడు. సరదాకే అన్నాడు. అయినా ఆ నవ్వు వెనక ఏదో కందిపోయినట్టు ఆవిడకి కనబడింది. మళ్లీ నోరెత్తలేదు.

ఆవిడ భయం ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఆడవాళ్ల ఆదుర్దాలా కనబడుతుంది. తిరుగుతున్న చెక్కలో ఉలి ఒక్కోసారి కసుక్కున దిగబడిపోతుంది. ఎంత చేయి తిరిగినవాడికైనా తప్పదు. పాత మిషన్ మీద అలా దిగబడితే బెల్టు జారుతుంది, మిషన్ ఆగుతుంది, ఆయన ఒక తిట్టు తిడతాడు. అంతే. నీరసపు మిషన్ కాబట్టి బతికిపోతున్నాడు. మూడు గుర్రాల మిషన్ ఆగదు. ఉలిని విసిరేస్తుంది, లేదా చెక్కనే బద్దలు కొట్టి విసిరేస్తుంది. విసిరే దోవలో ఉండేది ఆయన మొహం. ఒకసారి ఆ సగం గుర్రమే గిన్నెని విసిరితే పైనున్న ట్యూబ్‌లైటు పొడి పొడి అయింది. ఆ గాజుపెంకులు ఏరింది ఆవిడే. కుంచెడు పొట్టులోంచి ఒక్కొక్కటీ ఏరుతూ, ఇది ఇంకాస్త కిందకి వచ్చుంటే అని అనుకుంది. ఇప్పుడు పడుకున్నా లేచినా అదే తలపు.

మిషన్ల షాపుకి తనూ వస్తానంది. ఆయన ఆశ్చర్యపోయాడు, తర్వాత సంబరపడ్డాడు. మిషన్ నడిపి చూసుకోవచ్చని షాపాయన ఫోన్‌లో చెప్పాడట. అందుకని తనే ఒక పచ్చి చెక్క ముక్కని గుండ్రంగా కోసి, దానికి మిషన్‌కి తగిలించే ఇనపబిళ్ల బిగించి, పెద్ద ఉలితో సహా గోనెసంచిలో పెట్టుకున్నాడు. ఆవిడ ముందే ఆ ఉలికి సాన పడదామని కాచుకుంది. కుదరలేదు. ఆయన దాన్ని పసిపిల్లలా పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు.

షాపు పొడుగాటి హాలు. సిమెంటు నేల, గ్రీజు వాసన, ఒక వరసలో మిషన్లు. షాపాయన నెమ్మదైన మనిషి, లావుపాటి చేతులు, మాట తక్కువ. ఏం గిన్నెలు చేస్తారు, ఎంత వెడల్పు, ఎంత లోతు అని అడిగి, రెండు హార్స్ పవర్ సరిపోతుందన్నాడు. ఆయన అప్పటికే చివరి మిషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. అది మూడు హార్స్ పవర్‌ది. నిలువెత్తు ఇనుము. షాపాయన దాన్ని ఆన్ చేసి, తిరుగుతున్న మిషన్ పైన ఒక నాణెం నిలువుగా నిలబెట్టాడు. అది పడలేదు. కనీసం వణకలేదు. ఆయన ఆ నాణెం కేసి నోరు తెరుచుకుని చూశాడు. ఎంత మొద్దు దుంగనైనా ఇది ఆగకుండా తిప్పుతుందా అని అడిగాడు.

"మీరు ఆపేదాకా ఆగదు," అన్నాడు షాపాయన గర్వంగా.

వెంటనే ఆవిడ, ఆపే బటన్ ఎక్కడుందని అడిగింది. ఆ షాపులో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. షాపాయన చూపించాడు. అరచేతిలో పట్టేంత పెట్టె, మీద పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్. కింద అయస్కాంతం ఉంది కాబట్టి మిషన్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకోవచ్చట. ఆవిడ దాన్ని ఊడదీసి, మిషన్ చివర తన వైపు అంటించుకుంది. చెక్క ఎగిరి వచ్చే దోవలో నిలబడొద్దని షాపాయన ఆవిడని పక్కకి జరిపాడు. ఆవిడ జరిగింది. చేయి మాత్రం బటన్ మీదనుంచి జరపలేదు. ఆయన అదంతా చూసి, మా మేడమ్‌కి మిషన్లంటే భయమండీ అని నవ్వాడు.

చెక్క బిగించాడు. షాపాయన ఇచ్చిన ప్లాస్టిక్ అద్దం మొహం మీదకి దించుకున్నాడు. నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచాడు. ఉలి ఆనగానే పొట్టు పాయలు పాయలుగా లేచింది. భుజాలు విప్పారాయి. ఎన్నాళ్లకో ఆయన ఒళ్లు అంత హాయిగా కదలడం చూసి, ఒక్క క్షణం ఆవిడకే అనిపించింది, పోనీ, నేనే అనవసరంగా బెంగపడుతున్నానేమో, ఈ మిషన్ ఈయనకి మళ్లీ వయసు తెచ్చిపెడుతుందేమో అని.

తర్వాత గరగర మొదలైంది. ఆవిడ ఎదురుచూస్తున్నదే. ఆయన ఆగలేదు. అదిమాడు. మిషన్ కూడా ఆగలేదు. పాతదైతే ఈపాటికి మూడుసార్లు మొరాయించేది. ఇది అదిమినకొద్దీ తిప్పుతూనే ఉంది. ఆయన ఇంకా అదిమాడు. అప్పుడు ఆ గరగర కింద ఇంకో చప్పుడు వినబడింది. సన్నగా, చెక్క తిరిగిన ప్రతిసారీ ఒకటి, టిక్‌టిక్‌టిక్ అని. పగిలిన చెక్క అంచు ఉలికి తగిలే చప్పుడది. ఆ చప్పుడు వింటే ఈ పని చేసేవాడెవడైనా ఉలి వెనక్కి లాగేస్తాడు. ఇదివరకు ఆయన, అలాంటి చప్పుడు పుట్టిందో లేదో, ఉలిని అంగుళం వెనక్కి తీసేసేవాడు. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసి, ఒంటి బరువంతా ఉలి మీద వేశాడు.

ఆవిడ బటన్ మీద గుద్దింది.

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆయన అద్దం పైకెత్తాడు. మొహం జేవురించింది. బయటివాళ్ల ముందు పని మధ్యలో ఆపడమంటే ఆయన దృష్టిలో చెంపదెబ్బతో సమానం. ఎందుకు ఆపావని అడిగాడు. గొంతు తగ్గించే అడిగాడు గానీ ఆ తగ్గించడంలోనే కోపమంతా ఉంది.

"చెక్క పగిలిందండీ," అంది ఆవిడ.

"పగిలితే నాకు తెలీదా? అక్కడ నిలబడ్డ నీకెలా తెలిసింది?"

షాపాయన పాపం ఏమీ ఎరగడు. మంచికే అన్నాడు, "టిక్కు టిక్కుమంటోంది కదండీ. నేనూ ఆపమనే చెప్పబోయాను. మేడమ్ నాకన్నా ముందే నొక్కేశారు."

ఆయన షాపాయన కేసి చూశాడు. తర్వాత ఆవిడ కేసి. తర్వాత చేత్తో చెక్కని మెల్లిగా తిప్పి, బొటనవేలితో అంచంతా తడిమాడు. వేలు ఒకచోట ఆగింది. పగులు బెరడు దగ్గర మొదలై, ఇనపబిళ్ల స్క్రూలదాకా పాకింది. ఇంకో పది తిరుగుళ్లు తిరిగుంటే సగం ముక్క విడిపోయి నేరుగా ఆయన మొహానికి వచ్చేది. ఆ ప్లాస్టిక్ అద్దం దాన్ని ఆపేది కాదు. ఆయన ఆ పగులు మీద వేలు అలాగే ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. మొహంలో కోపం పోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని చూడలేక ఆవిడ తల తిప్పుకుంది. తనే కదా ఆ బటన్ నొక్కి ఆయన్ని నలుగురిలో నిలబెట్టింది. ప్రాణం కాపాడినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. సిగ్గు వేసింది, ఆయన పడుతున్న సిగ్గంతా తనకే వేసింది.

ఆయన అద్దం తీసి మిషన్ మీద పెట్టి, ఒక్క మాట లేకుండా బయటికి నడిచాడు. ఆవిడ షాపాయనకి ఏదో సర్దిచెప్పి వెనకే వెళ్లింది. ఆయన షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. వాటి హారన్లు ఆయనకి వినబడుతున్నాయా లేదా అని ఆలోచిస్తోందని తనకే తెలిసి, ఆలోచించడం మానేయాలని చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు చివరికి.

చాన్నాళ్లుగా అని చెప్పింది. అంతా చెప్పింది. గోడ అవతల గరగర, మరిది మాట, తను దొంగతనంగా సాన పట్టిన సంగతి. ఆయన తల వంచుకుని విన్నాడు. సాన పట్టిన మాట దగ్గర మాత్రం తలెత్తాడు.

"అంటే ఆ రోజు కరెంటు కాదా?"

"కాదండీ."

ఆయనకి నవ్వు వచ్చింది, సగంలోనే పోయింది. అప్పుడు తను దాచుకున్నది తీశాడు. ఆయనకి తెలుసట. ఆవిడకన్నా ముందే తెలుసట. ఏడాది దాటిందట. గడియారం సంగతి అడిగిన రోజే ఆవిడకి అనుమానం వచ్చిందని కనిపెట్టాడట. బ్యాటరీ అని అప్పటికప్పుడు అల్లిన మాటట. చెవులు తగ్గిన సంగతి తెలుసుగానీ, దానివల్ల ఉలి పదును కూడా తెలియకుండా పోతోందని మాత్రం తట్టలేదు. మిషన్ నిజంగానే ముసలిదైపోయిందనుకున్నాడు. గట్టి మిషన్ ఉంటే చప్పుడు వినాల్సిన పని ఉండదనుకున్నాడు.

"పాత మిషన్ వణుకుతుంది కదా, ఆ వణుకు చేతికి తెలిసేది. దాంతోనే నెట్టుకొచ్చాను. ఇది వణకదు. లోపల చెక్క పగులుతున్నా చేతికి కూడా తెలియలేదు," అన్నాడు. "నాకు భయం వేసిందే."

పెళ్ళైన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట ఆవిడ వినలేదు. ఆవిడకి కోపం, జాలి, రెండూ కలిసి ముంచుకొచ్చాయి. తన దగ్గర ఎందుకు దాచారని నిలదీసింది. చెబితే షెడ్డుకి తాళం వేస్తావని అన్నాడు. వెయ్యను అనబోయి ఆగిపోయింది. వేసేదే. మొదటి రోజే వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. అది ఇద్దరికీ తెలుసు.

"రేపు డాక్టర్ దగ్గరికి వెళదాం," అంది ఆవిడ.

"పని మానేయమంటే?"

ఏం కాదులెండి అని నోటికి వచ్చిన మాట చెప్పొచ్చు. ఇన్నాళ్లూ ఇద్దరూ చెప్పుకున్నవి అలాంటివే. అందుకని, డాక్టర్ ఏమంటాడో నాకు తెలీదండీ, కానీ మీ మొహం పగిలాక అడిగేకంటే ఇప్పుడే అడుగుదాం అంది. ఆయన తన చేతులు రెండూ తిరగేసి మరగేసి చూసుకున్నాడు. ఆ చేతుల్లో పొట్టు ఇంకా తడితడిగా అంటుకుని ఉంది. పనే లేకపోతే ఈ చేతుల్ని ఏం చేసుకోవాలన్నట్టు చూశాడు.

తర్వాత ఆయన లేచాడు. ఇంటికి అనుకుని ఆవిడా లేచింది. ఆయన తిన్నగా షాపులోకే నడిచాడు. మళ్లీ ఆ మూడు గుర్రాల దగ్గరికేనా అని ఆవిడ కంగారుపడి, గబగబా వెనకపడింది. ఆయన మిషన్ల దాకా వెళ్లలేదు. షాపాయన బల్ల ముందు ఆగి, దగ్గాడు.

"ఇవాళ కొననండీ. ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. నాకు చెవులు సరిగ్గా వినబడడం లేదు. ఆయన పని చేసుకోమంటే, నాలాంటివాడికి ఏ మిషన్ ఇస్తారో అది మాత్రం చెప్పండి."

ఆ మాట ఆయన ఒక కొత్త మనిషికి, పట్టపగలు, తన నోటితో తను చెప్పాడు. ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. షాపాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. వినబడదన్నవాళ్లతో అందరూ చేసే పనే అతనూ చేశాడు. గొంతు పెంచి, హాలు దద్దరిల్లేలా, దానికేముందండీ, ఉలి దిగబడితే తనంతట తనే ఆగేలా అమర్చుకునే మిషన్లు కూడా ఉన్నాయి అని మొదలుపెట్టాడు.

"అరవకండి," అన్నాడాయన. "మనుషుల మాట బాగానే వినబడుతోంది. చెక్క మాటే వినబడడం లేదు."

షాపాయన గొంతు తగ్గించాడు. కుర్చీలు చూపించాడు. ఏ చప్పుళ్లు వినబడడం లేదో చెబితే మంచి చెడ్డలు ఆలోచిద్దామన్నాడు. ఆయన చెప్పబోయి, ఆగి, ఆవిడ వైపు తిరిగాడు.

"వినబడనివి నాకెలా తెలుస్తాయి? ఈవిణ్ణి అడగండి."

ఆవిడ చెప్పింది. ముందు తడబడింది, తర్వాత కుదురుకుంది. మొద్దు ఉలి గరగర సంగతి చెప్పింది, పగులు సంగతి చెప్పింది. పదునున్న ఉలి పచ్చి చెక్క మీద నడిచేటప్పుడు సుయ్‌మని ఒక చప్పుడు వస్తుందని, కొత్త పట్టుచీర మడత విప్పినట్టుంటుందని, అది వస్తున్నంతసేపూ వంటింట్లో తనకి నిశ్చింతగా ఉండేదని చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకి వంగి, ఆవిడ మొహంలోకే చూస్తూ విన్నాడు.

"ఆ చప్పుడు ఇప్పటికీ వస్తోందా?" అన్నాడు. "పోయిందనుకున్నాను. చెక్కలే మంచివి రావడం లేదని అడితీవాడితో పోట్లాడాను కూడా."

"వస్తోందండీ," అంది ఆవిడ. "మీరు పదును పెడితే ఇప్పటికీ వస్తోంది."